ముందు లైను

జూలై 14, సోమవారం

ఉదయం 5.50కి తాళ్ళరేవు దగ్గర పెదబాబు గారి చెరువులో రొయ్యలు తేలాయి. ఆ సమయానికి నీళ్ళలో ఆక్సిజన్ సరిపడా ఉందని మా అమ్మాయి రూబీ చేసిన పెట్టె చూపిస్తూ ఉంది. సరిపడా ఉందనుకుంది కాబట్టి నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిప్పలేదు.

చెరువు కాపలా చూసే అబ్బులు వేపపుల్ల నోట్లో పెట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. నీటి పైన రొయ్యల మీసాలు చూసి, పరుగెత్తి, చేత్తో స్విచ్చి వేశాడు. చచ్చినవి తక్కువ. ఇంకాస్త ఆలస్యమైతే చెరువంతా పోయేది. ఇది అబ్బులు మాట, పెదబాబు గారి మాట, మా రూబీ మాట. మూడు వైపుల నుంచీ ఒకటే విన్నాను కాబట్టి రాసుకుంటున్నాను.

పెట్టె రూబీ, సత్యప్రసాద్ కలిసి చేసింది. ఇద్దరూ ఒకే కాలేజీ. వైర్లూ బోర్డులూ అతనివి, లోపల అన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్ అంటారు, అది రూబీది. ఇంకా ఎవరూ కొనలేదు. వాడి చూస్తానన్నది పెదబాబు గారు ఒక్కరే. ఆయన పొద్దున్నే ఫోన్ చేశారు. రూబీ స్పీకర్ పెట్టింది.

"అమ్మాయి గారూ, పనిచెయ్యకపోతే నాకు బాధ లేదండి. పనిచెయ్యనోడు పడుకుంటాడు, మనకి తెలిసిపోద్ది. ఇది మేలుకునుండి అబద్ధం చెప్తందండి."

"సారీ అండి. చూస్తున్నామండి."

"ఇరవై నాలుగున అమావాస్యండి. రొయ్య పొర విడుస్తాది, ఊపిరి ఎక్కువ కావాలి. ఇరవై మూడు పొద్దున్నకి బాగుచేసి నాకు చూపించండి. లేదంటే పట్టుకెళ్ళిపోండి. ఏం అనుకోకండే."

రూబీ ఏమీ అనుకోలేదట. అనుకోకుండానే టిఫిన్ మానేసింది.

ఆఫీసు నుంచి ఫోన్ రాలేదు. నేను ఎదురుచూడటం లేదు.

జూలై 15, మంగళవారం

మా పేపరు కాకినాడ ఎడిషన్‌ను పక్క ఎడిషన్‌లో కలిపారు. కొత్త పోస్టింగ్ చెప్పేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఉంటున్నాను. జగన్నాథపురంలో ఇంత గాలి వస్తుందని ఇన్నేళ్ళూ తెలియదు.

ఖాళీగా ఉండటం ఎందుకని రూబీ గదిలోకి వెళ్ళి విషయం సేకరించాను.

"డాడీ, పొద్దున్నించీ ఎన్నిసార్లు వచ్చారో తెలుసా?"

"పేపర్ కోసం వచ్చానమ్మా."

"పేపర్ మీ చంకలో ఉంది."

ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తప్పెక్కడుందో ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్‌లో అంది. అంటే ఏమిటన్నాను.

"మీరే."

"నేనా?"

"నేను పని చేసుకుంటుంటాను. మీరొస్తారు. చేతిలో ఉన్నవన్నీ జాగ్రత్తగా పక్కన పెట్టి, ఏ లైన్ దగ్గర ఆగానో గుర్తుపెట్టుకుని, మీ సంగతి చూడాలి. ప్రాసెసర్‌కి కూడా అంతే. మధ్యలో తేడా వస్తే ఆపి కెర్నెల్‌లోకి వెళ్తుంది. అది ఎంట్రీ. కెర్నెల్ ఆ తేడా సరిచేసి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టి, ఆగిన పనికి తిరిగి పంపుతుంది. అది ఎగ్జిట్. పని చేసేవాడికి అసలు తను ఆగినట్టే తెలియకూడదు."

"ఇందులో కష్టమేముంది?"

"మీరు వెళ్ళాక నేనెక్కడున్నానో నాకు తెలియట్లేదు డాడీ. అదీ కష్టం."

లేచి వచ్చేశాను. వచ్చేటప్పుడు పేపర్ అక్కడే మరిచిపోయాను. మళ్ళీ వెళ్ళలేదు. భోజనం వేళ దాకా వెళ్ళలేదు.

జూలై 16, బుధవారం

అమ్మ వరండాలో బైబిలు కీర్తన పైకి చదువుతోంది. చేపలమ్మే బేబీ గేటు దగ్గర తట్ట దించింది. అమ్మ కళ్ళజోడు తీసి, చదువుతున్న వచనం మీదే పెట్టి, గేటు దాకా వెళ్ళింది. బేబీని, బేబీ తూకాన్ని, బేబీ చెల్లెలి పెళ్ళికి పిలవకపోవడాన్ని వరసగా విమర్శించింది. మాగ చేపలు కొంది. చేతులు కడుక్కుంది. వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, అదే వచనం మొదటి నుంచి ఎత్తుకుంది. గొంతులో ఇంకా విమర్శ ఉంది, అంతే తేడా.

కిటికీలోంచి రూబీ చూసింది. "మామ్మకి ఎంట్రీ, ఎగ్జిట్ రెండూ కరెక్టే. నా పెట్టెకే ఏదో అయ్యింది" అంది.

"నాకేమైందే?" అంది అమ్మ. తన పేరు వినబడితే అమ్మ చెవులు బాగా పనిచేస్తాయి.

జూలై 17, గురువారం

ఎంట్రీలో తప్పు లేదట. పక్కన పెట్టేవన్నీ సరిగ్గానే పెడుతోందట. నేను అడగలేదు, టీ ఇవ్వడానికి వెళ్ళాను. నిన్నటి నుంచి ఆరోసారో ఏడోసారో టీ అని మా ఆవిడ క్రిస్టినా అంటోంది. క్రిస్టినా టీచరు. అన్నీ ఎక్కువే లెక్కపెడుతుంది.

ఫోన్ రాలేదు. సిగ్నల్ ఉంది, చూశాను.

జూలై 18, శుక్రవారం

తాళ్ళరేవు వెళ్ళాం. సత్యప్రసాద్ ద్రాక్షారామం నుంచి బండి మీద నేరుగా వచ్చాడు. ఘటనాస్థలం చూడకుండా వార్త రాయకూడదు కాబట్టి నేను కూడా వెళ్ళాను. రాసే వార్త ఏమీ లేదని రూబీ దారి పొడుగునా గుర్తుచేసింది.

చూసినవి ఇవి. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ వైరు అతుకు దగ్గర పీతో ఎలుకో కొరికింది. గాలి వేస్తే అతుకు ఊడుతుంది, మళ్ళీ అంటుకుంటుంది. ఊడిన క్షణంలో పెట్టె అంకె అడిగితే సెన్సర్ పలకదు. అప్పుడే ఎక్సెప్షన్. సోమవారం పొద్దున జరిగింది అదేనని పెట్టెలోని రికార్డు చెబుతోంది. ఎక్సెప్షన్ వచ్చింది. కెర్నెల్ సెన్సర్‌ని తట్టి లేపింది. సెన్సర్ లేచింది. పని తిరిగి మొదలైంది. అయినా తెర మీద పాత అంకే నిలిచింది.

సత్యప్రసాద్ అతుక్కి టేపు చుట్టాడు. అబ్బులు పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు.

"టేపేత్తే అయిపోద్దాండీ?"

"ఇక్కడికి అయిపోద్ది. రేపు ఇంకోచోట కొరుకుతుంది కదా" అన్నాడు సత్యప్రసాద్. "వైరు ఊడినా పెట్టె అబద్ధం చెప్పకూడదు. అదీ కావల్సింది."

"ఎగ్జిట్‌లోనే ఉంది తేడా" అంది రూబీ.

"ఎగ్జిట్ నువ్వు రాసిందేగా."

"నువ్వు చెప్పినట్టే రాశాను."

"నేను కరెక్ట్‌గానే చెప్పాను."

నేను కల్పించుకున్నాను. ఎవరు ఏమనుకున్నారన్నది తర్వాత, అన్న మాట ఏమిటో ముందు తేలాలి. అడిగాను.

"సెన్సర్‌ని లేపాక ముందు లైన్‌కే పంపించమన్నాను అంకుల్."

"ముందు లైన్‌కే పంపించాను డాడీ. మళ్ళీ ఫోన్ చేసి అడిగాను కూడా, ముందుకే కదా అని."

"అవును అంకుల్, అడిగింది. ముందుకే అన్నాను."

ఇద్దరూ ఒకే మాట చెప్పారు. రెండు వైపుల నుంచీ నిర్ధారణ అయింది. అక్కడ తప్పు లేదు, ఇంకెక్కడో వెతకండి అని చెప్పాను. నా మాట విని కొత్త చోట్ల వెతుకుతున్నారు. పనికొచ్చాననే అనుకుంటున్నాను.

జూలై 19, శనివారం

ఫోన్ వచ్చింది. సెంట్రల్ డెస్క్ శివరామకృష్ణ. నాకంటే చిన్నవాడు, సార్ అంటాడు, బాగా మాట్లాడాడు. ఆరోగ్యం అడిగాడు. కాకినాడలో వర్షాలు అడిగాడు. చివర్లో "మీ సంగతి ముందు చూద్దాం సార్" అన్నాడు.

క్రిస్టినాకి చెప్పాను. మిగతా వాళ్ళ సంగతి తర్వాత, నాది ముందు.

"ముందు అన్నాడా, ముందు ముందు అన్నాడా?"

"ముందు. అంటే అన్నిటికంటే ముందు."

"కాదండీ. ముందు చూద్దాం అంటే ముందెప్పుడో చూద్దామని. మా హెడ్‌మిస్ట్రెస్ నా ట్రాన్స్‌ఫర్ గురించి అలాగే అంది."

"నేను భాషతో బతికినవాణ్ణి క్రిస్టినా."

"నేను హెడ్‌మిస్ట్రెస్‌తో బతుకుతున్నాను."

తిరిగి ఫోన్ చేసి ఏ ముందో అడగవచ్చు. అడగలేదు. అడిగితే ఎదురుచూస్తున్నాననుకుంటాడు.

సాయంత్రం పెదబాబు గారు రూబీకి చేశారు. పెట్టె ఇంకా అక్కడే ఉందనీ, దాని మీద గుడ్డ కప్పాననీ చెప్పారు. "అది చూపిత్తుంటే నాకు నమ్మబుద్దేత్తదండి, అందుకే కప్పేశాను" అన్నారు. రూబీ నవ్వింది. ఫోన్ పెట్టాక నవ్వలేదు.

బుధవారం పెట్టె వెనక్కి వస్తే ఇంకో రైతు దగ్గరికి తీసుకెళ్ళలేరు. రొయ్యల రైతులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. మా పేపరు కంటే ముందు.

ముందు.

జూలై 20, ఆదివారం

ఇది జరిగినట్టే రాయాలి.

చర్చి నుంచి వచ్చేసరికి సత్యప్రసాద్ వచ్చి ఉన్నాడు. భోజనానికి కూర్చున్నాం. బల్ల మీద అన్నం గిన్నె, కోడికూర గిన్నె, పెరుగు గిన్నె. అమ్మ ప్రార్థన చేసింది. పంటలకు, ప్రయాణాలకు, రూబీ పెట్టెకు, నా పోస్టింగుకు. నా పోస్టింగుని పెట్టె తర్వాత పెట్టింది. గమనించాను.

రాత్రంతా ఆ ఒక్క మాట నా బుర్రలో తిరిగింది. పోస్టింగు కోసం కాదు. ఒక మాట రెండు వైపులా చూస్తుంటే సబ్ ఎడిటర్లని నేను ఎన్నిసార్లు తిట్టానో గుర్తొచ్చింది. ముందు వచ్చిన బస్సు అంటే వెళ్ళిపోయిన బస్సు. ముందు వచ్చే ఊరు అంటే ఇంకా రాని ఊరు. బస్సు వెనక్కి, ఊరు ఎదురుగా, మాట ఒక్కటే.

"ఒక్క నిమిషం, ఎవరూ వడ్డించుకోకండి" అన్నాను.

"ఆకలేస్తోందండీ" అంది క్రిస్టినా.

"అన్నం పెట్టుకున్నాం. కూర వేసుకోబోతుంటే గేటు దగ్గర బేబీ పిలిచింది. వెళ్ళి మాట్లాడి వచ్చాం. ఇప్పుడు ముందు గిన్నెకి వెళ్ళాలి. ఇద్దరూ చూపించండి. ఒకరినొకరు చూసుకోకండి."

సత్యప్రసాద్ వేలు కోడికూర మీద ఉంది. రూబీ వేలు పెరుగు మీద.

ఇద్దరూ ఒకరి వేలు ఒకరు చూసుకున్నారు.

"పెరుగేంటి రూబీ?" అన్నాడు సత్యప్రసాద్.

"ముందున్నది పెరుగే కదా!"

"ముందు ఏ గిన్నె దగ్గర ఆగామో ఆ గిన్నె. ముందు గిన్నె!"

"అది ముందు గిన్నె కాదు, ఆగిన గిన్నె! ముందుకి అంటే ముందుకి! నేను అడిగాను కూడా, ముందుకే కదా అని!"

"నేను కూడా ముందుకే అన్నాను! మా ద్రాక్షారామంలో ముందు అంటే ముందే!"

"జగన్నాథపురంలో కూడా ముందంటే ముందేరా!"

"కూర వేసుకోకుండా పెరుగుకి పోతావేంటే పిచ్చిదానా" అంది అమ్మ. ఆమెకు ఇంకే విషయమూ అక్కర్లేదు.

రూబీ లేచి గదిలోకి పరుగెత్తింది. సత్యప్రసాద్ వెనకాలే. కూర చల్లారిపోయింది. తర్వాత తింటూ నాకు అర్థమయ్యేలా చెప్పారు. ప్రోగ్రాం తనంతట తాను కెర్నెల్‌ని ఏదైనా అడిగితే, జవాబు దొరికాక తర్వాతి లైన్‌కే వెళ్ళాలి. లేకపోతే అడిగిందే అడుగుతుంది. కానీ లైన్ మధ్యలో తేడా వచ్చి ఆగితే, తేడా సరిచేశాక ఆ లైనే మళ్ళీ చెయ్యాలి. రూబీ రెండిటినీ తర్వాతి లైన్‌కే పంపింది. 'సెన్సర్‌ని అంకె అడుగు' అన్న లైన్ దగ్గర ఆగింది, సెన్సర్ లేచింది, అంకె అడగకుండానే 'అంకె చూపించు' అన్న లైన్‌కి పోయింది. చేతిలో ఉన్నది పాత అంకె. అదే చూపించింది.

"నిన్నటి పేపరు ఇవాళ్టి తేదీతో వేసిందన్నమాట" అన్నాను.

"అంతే అంకుల్" అన్నాడు సత్యప్రసాద్.

శుక్రవారం రెండు వైపులా నిర్ధారణ చేసింది ఎవరని రూబీ అడిగింది. పెరుగు వేసుకున్నాను.

జూలై 21, సోమవారం

రూబీ ఒక్క లైన్ తీసేసింది. పెరట్లో బక్కెట్టు నీళ్ళు పెట్టి, సెన్సర్ ముంచి, వైరు లాగి, మళ్ళీ పెట్టారు. కొత్త అంకె వచ్చింది. మళ్ళీ లాగారు, పెట్టారు. మళ్ళీ వచ్చింది. సత్యప్రసాద్ మా అమ్మ చేతులు పట్టుకుని ఊపాడు. అమ్మ ఎందుకో తెలియకుండానే స్తోత్రం చెప్పింది.

తర్వాత క్రిస్టినా బట్టలు ఆరేయడానికి వచ్చి వైరుకి కాలు తగిలించింది. ఊడింది. ఎవరూ చూడలేదు. పెట్టె బిగుసుకుపోయింది. తెర మీద ఏ అంకే మారడం లేదు, మీటలు పలకడం లేదు.

"ఏం చేశావమ్మా!"

"బట్టలు ఆరేశానే."

సెన్సర్ లేవదు. కెర్నెల్ అదే లైన్‌కి పంపుతుంది. అక్కడ మళ్ళీ ఎక్సెప్షన్. మళ్ళీ అదే లైన్. అమ్మ వచనం ఎత్తుకున్న ప్రతిసారీ బేబీ గేటు దగ్గర పిలిస్తే కీర్తన ఎప్పటికీ పూర్తికాదు.

నిన్న అబద్ధం చెప్పే పెట్టె. ఇవాళ మూగ పెట్టె. పెదబాబు గారికి మూగదే నయమేమో అన్నాను. ఇద్దరూ నవ్వలేదు. ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యకి రెండూ ఒకటేనట. నిజమే. ఎల్లుండి పొద్దున్నకి ఇదొక్కటే మిగిలింది.

జూలై 22, మంగళవారం

మధ్యాహ్నానికి తేలింది. అదే లైన్ మూడుసార్లు చేస్తుంది. అప్పటికీ సెన్సర్ పలకకపోతే, ఇక ఆ లైన్ వదిలేసి వేరే దారిలో బయటికి వస్తుంది. వచ్చి ఏరియేటర్లన్నీ తిప్పేస్తుంది, పెదబాబు గారి ఫోన్ మోగిస్తుంది. కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, రొయ్య బతుకుతుంది.

అప్పుడు తెర మీద ఏం చూపించాలన్నది మిగిలింది. సత్యప్రసాద్ 'సెన్సర్ ఎర్రర్' అన్నాడు. రూబీ రెండు గీతలు చాలంది. నన్నడిగారు. వాళ్ళంతట వాళ్ళే అడిగారు, నేను గదిలోకి వెళ్ళలేదు.

"తెలియదు అని రాయండి" అన్నాను.

"అంతేనా డాడీ?"

"తెలియనప్పుడు అంతకంటే ఏముంటుంది?"

పెట్టె తెర మీద తెలుగు అక్షరాలు రావడానికి సత్యప్రసాద్ చాలాసేపు తిప్పలు పడ్డాడు. వచ్చాయి. 'తెలియదు'. 'దు' ఒత్తి రాశాడేమో చూశాను. సరిగ్గానే ఉంది.

బక్కెట్టు దగ్గర వైరు లాగి చూశారు. మోటారు బదులు పెట్టిన టేబుల్ ఫ్యాను తిరిగింది. మళ్ళీ లాగారు, మళ్ళీ తిరిగింది. రూబీ ముఖం మాత్రం విప్పారలేదు.

"మేం లాగితే మాకు తెలుసు కదా. తెలిసి లాగినప్పుడు పనిచెయ్యడం గొప్పేం కాదు. రేపు పెదబాబు గారి దగ్గర కూడా మేమే లాగితే ఆయన నమ్మరు. నేను కూడా నమ్మను."

"ఆయన్నే లాగమందాం" అన్నాడు సత్యప్రసాద్.

"ఆయన పొద్దున్నే లాగేస్తారు. పెట్టె దేని మధ్యలో ఉన్నప్పుడు తేడా వస్తుందో ఎవరికీ తెలియకుండా రావాలి. పని బాగా సాగుతున్నప్పుడు. వద్దన్నప్పుడు. అక్కర్లేనప్పుడు."

ఇద్దరూ నా వైపు చూశారు.

క్రిస్టినా గుమ్మంలోంచి అంది, "ఇంత ప్రాక్టీసు ఉన్నవాళ్ళు ఈ జిల్లాలో ఇంకొకరు దొరకరు."

ఒప్పుకున్నాను. ఆఫీసు వాళ్ళు రేపు ఫోన్ చేస్తే మధ్యాహ్నం తర్వాత చెయ్యమంటాను. గట్టు మీద ఉంటాను కాబట్టి. వేరే కారణం లేదు.

పెదబాబు గారికి రూబీ ఫోన్ చేసి చెప్పింది. "మీ నాన్న గారాండీ? ఆయనైతే ఖాయంగా చెడగొడతారండి. రమ్మనండి" అన్నారట. ఏరియేటర్లు తిరక్కపోతే అబ్బులు స్విచ్చి దగ్గరే నిలబడి ఉంటాడు, రొయ్యకి భయం లేదు. అప్పుడు పెట్టె మాత్రం మా బండి మీద ఇంటికొస్తుంది. ఇదీ ఒప్పందం.

రేపు ఉదయం ఆరు గంటలకు తాళ్ళరేవు బయలుదేరుతున్నాం. ఏడింటికి పెట్టె మీద గుడ్డ తీస్తారు. ఆ తర్వాత పొద్దున్న పదింటిలోపు, పెదబాబు గారి ఎదుట, సెన్సర్ వైరు ఒకసారి పీకాలి. పీకేది నేను. ఎప్పుడు పీకుతానో ఇక్కడ కూడా రాయను. ఈ డైరీ టేబుల్ మీద ఉన్నప్పుడు రూబీ రెండుసార్లు ఈ గదిలోకి వచ్చింది. పేపర్ కోసమట.